రాగి దిమ్మెలో నసెల్ట్ సంఖ్య ఎందుకు పడిపోతోంది? మైక్రోచానళ్లలో గోడ వెంట నడిచే వేడి

అంకెలు కళ్లముందు ఉంటే తప్ప ఈ విషయం తేలదు కాబట్టి, మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో చెబుతాను. 30 మిల్లీమీటర్ల పొడవు, 3 మిల్లీమీటర్ల మందం గల రాగి దిమ్మె. దాని పైముఖంలో 0.3 మిల్లీమీటర్ల వెడల్పు, అంతే లోతు గల పది కాలువలు. కాలువకూ కాలువకూ మధ్య 0.3 మిల్లీమీటర్ల గోడ. పైన ప్లాస్టిక్ మూత, అడుగున 3.6 వాట్ల హీటరు, కాలువల్లో 30 డిగ్రీల ప్రాంతంలో నీరు. కాలువల అడుగుకు 1 మిల్లీమీటరు కింద థర్మోకపుల్స్ పెట్టి దిమ్మె ఉష్ణోగ్రత కొలిచారు. నీటి ఉష్ణోగ్రతను మాత్రం రెండు చివరలే కొలిచి, మధ్యలో సరళరేఖలా పెరుగుతుందని అనుకున్నారు. అలా లెక్క కడితే రేనాల్డ్స్ సంఖ్య (ప్రవాహ వేగాన్ని జిగటతో పోల్చే కొలత) 400 దగ్గర నసెల్ట్ సంఖ్య (గోడ నుంచి నీటికి వేడి ఎంత బాగా చేరుతోందో చెప్పే కొలత) 4 దాటింది, 40 దగ్గర 2 కంటే కిందికి వచ్చింది, 10 దగ్గర 0.4కు పడిపోయింది. చతురస్రపు కాలువలో పూర్తిగా స్థిరపడిన లామినార్ (సుడులు లేకుండా పొరలుగా సాగే) ప్రవాహానికి ఉష్ణ ప్రవాహం ఏకరీతిగా ఉంటే 3.61, గోడ ఉష్ణోగ్రత స్థిరంగా ఉంటే 2.98 రావాలని పాఠ్యపుస్తకం చెబుతుంది. మరి సూక్ష్మ కాలువల్లో పాత సిద్ధాంతం పనిచేయదా అని అడిగారు.

పనిచేస్తుంది. మీ కాలువలో పాత సిద్ధాంతాన్ని కాదనే భౌతికశాస్త్రం ఏదీ లేదు. నీటి అణువు పరిమాణం సుమారు 0.3 నానోమీటర్లు, మీ కాలువ దానికి పది లక్షల రెట్లు పెద్దది. అక్కడ నీరు అవిచ్ఛిన్న ద్రవంగానే ప్రవర్తిస్తుంది, గోడ దగ్గర జారదు. జిగట వల్ల పుట్టే వేడి సంగతి చూద్దామా? రేనాల్డ్స్ సంఖ్య 400 దగ్గర కూడా పీడన నష్టం సుమారు 8 కిలోపాస్కల్స్, దానివల్ల నీరు వేడెక్కేది 0.002 డిగ్రీలు. నీటిలోనే ప్రవాహం వెంట జరిగే వహనమూ లెక్కలోకి రాదు, ఎందుకంటే రేనాల్డ్స్ సంఖ్య 40 దగ్గర పెక్లే సంఖ్య (ప్రవాహం మోసే వేడికీ వహనంతో నడిచే వేడికీ నిష్పత్తి) 200 పైనే ఉంది. అనుమానించవలసిన వాటి పట్టికలోంచి నీటిని పూర్తిగా కొట్టేయవచ్చు. మిగిలింది రాగి.

హీటరు ఇచ్చిన వేడి నేరుగా పైకి వెళ్లి, ఎక్కడికక్కడ నీటిలో కలుస్తుందని మీ లెక్క అనుకుంటోంది. రాగికి అలాంటి నిబంధన ఏదీ లేదు. వేడికి అక్కడ రెండు దారులున్నాయి: పైకి నీటిలోకి, పక్కకు గోడ పొడవునా. రెండో దారిలో వేడి నిష్క్రమణ వైపు నుంచి ప్రవేశం వైపుకు, అంటే ప్రవాహానికి ఎదురుగా నడుస్తుంది. ఆ దారి ఎంత సులువో తేల్చడానికి రెండు సంఖ్యలు చాలు. ఒక్కో కాలువ వంతుకు వచ్చే రాగి అడ్డుకోత 0.6 ఇంటూ 3 చదరపు మిల్లీమీటర్లలోంచి కాలువ ఖాళీ 0.09 తీసివేస్తే 1.71. రాగి ఉష్ణ వాహకత 400 వాట్ / మీటర్ కెల్విన్. పొడవు 30 మిల్లీమీటర్లు. ఈ మూడింటితో గోడ పొడవునా వహన సామర్థ్యం 0.023 వాట్ / కెల్విన్ వస్తుంది. ఇక నీరు మోసుకుపోగల సామర్థ్యం, అంటే సెకనుకు ప్రవహించే ద్రవ్యరాశిని విశిష్టోష్ణంతో గుణిస్తే వచ్చేది, రేనాల్డ్స్ సంఖ్య 40 దగ్గర ఒక్కో కాలువకు 0.040 వాట్ / కెల్విన్. మొదటి దాన్ని రెండో దానితో భాగిస్తే 0.57.

ఈ నిష్పత్తికి ఒక పేరుంది. ఫ్రాన్స్‌లోని నాన్సీకి చెందిన మారన్జానా, పెర్రీ, మాయే 2004లో చిన్న, సూక్ష్మ కాలువల్లో గోడ వహనంపై ప్రచురించిన వ్యాసంలో దీన్ని అక్షీయ వహన సంఖ్యగా ప్రతిపాదించారు. ఇప్పుడు చాలామంది మారన్జానా సంఖ్య అనే అంటున్నారు. అది 0.01 కంటే తక్కువ ఉంటే గోడ వెంట వహనాన్ని వదిలేయవచ్చని వారి సూచన. మీది దానికి 57 రెట్లు. రేనాల్డ్స్ సంఖ్య 10 దగ్గర 2.3. మీకు బాగా వచ్చాయనుకుంటున్న 400 దగ్గర కూడా 0.057, అంటే హద్దుకు అవతలే. ఈ ఆలోచన 2004లో పుట్టింది కాదు. గొట్టంలో ద్రవం, గోడ రెండింటిలోనూ ప్రవాహం వెంట వహనాన్ని కలిపి లెక్కించిన ఫాగ్రీ, స్పారో వ్యాసం 1980లోనే వచ్చింది. రీజనరేటర్లు (వేడిని తమలో దాచుకుని తిరిగి ఇచ్చే ఉష్ణ వినిమాయకాలు) రూపొందించేవారికి ఇది 1960ల నుంచీ తెలిసిన తలనొప్పి. సూక్ష్మ కాలువల రంగంలోకి కొత్తగా వచ్చినవారు పాత ఉష్ణ వినిమాయకాల సాహిత్యం తిరగేయకపోవడం వల్లే ఇది ప్రతిసారీ కొత్త వింతలా కనిపిస్తుందని నా అభిప్రాయం.

పెద్ద గొట్టాల్లో ఈ బాధ ఎందుకు లేదు? లోపలి వ్యాసం 25 మిల్లీమీటర్లు, గోడ మందం 2 మిల్లీమీటర్లు ఉన్న గొట్టంలో లోహపు అడ్డుకోత ద్రవపు అడ్డుకోతలో 0.35 వంతు మాత్రమే. మీ దిమ్మెలో 19 రెట్లు. కాలువను చిన్నది చేయడం సులువే, గోడను అదే నిష్పత్తిలో పలచన చేయడం యంత్ర పనివారికి కుదరదు. దానికి తోడు ప్రవాహం నెమ్మదిగా ఉంటుంది, పొడవు తక్కువగా ఉంటుంది. మూడూ ఒకే వైపుకు లాగుతాయి. సూక్ష్మత వల్ల వచ్చిన మార్పు అంటూ ఏదైనా ఉంటే అది ఇదే, ద్రవంలో కాదు, జ్యామితిలో.

ఇప్పుడు మీ 0.4 ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం, ఎందుకంటే ఆ సంఖ్యను దాదాపు కాగితం మీదే ముందుగా చెప్పవచ్చు. గోడ వహనం అంతులేనంతగా ఉండి దిమ్మె మొత్తం ఒకే ఉష్ణోగ్రతలో ఉందనుకోండి. అసలు నసెల్ట్ సంఖ్య 3 అని తీసుకుందాం, అప్పుడు ఉష్ణ బదిలీ గుణకం సుమారు 6,150 వాట్ / చదరపు మీటర్ కెల్విన్. కాలువ మూడు వైపులా వేడి తీసుకుంటుంది కాబట్టి ఒక్కో కాలువ ఉపరితలం 27 చదరపు మిల్లీమీటర్లు. రేనాల్డ్స్ సంఖ్య 10 దగ్గర బదిలీ యూనిట్ల సంఖ్య, అంటే ఆ గుణకాన్ని ఉపరితలంతో గుణించి నీరు మోసే సామర్థ్యంతో భాగించినది, 16 దాటుతుంది. అంటే నీరు కాలువ మొదటి కొన్ని మిల్లీమీటర్లలోనే గోడ ఉష్ణోగ్రతను అందుకుని, ఆ తర్వాత చేసేదేమీ లేక ఊరికే ప్రవహిస్తుంది. మీ సరళరేఖ మాత్రం నీరు సగం దారిలో సగమే వేడెక్కిందని చెబుతుంది. అక్కడ నీటికీ గోడకూ తేడా దాదాపు సున్నా, మీ లెక్కలో అది మొత్తం పెరుగుదలలో సగం. హారంలో తప్పుడు తేడా ఇంత పెద్దదైతే గుణకం కుంచించుకుపోక తప్పదు. ఈ హద్దులో వచ్చే దృశ్య నసెల్ట్ సంఖ్య (మీ లెక్కలో పైకి కనిపించేది) 0.36. మీరు కొలిచింది 0.4. రేనాల్డ్స్ సంఖ్య 40కి ఇదే హద్దు 1.4 ఇస్తుంది. అక్కడ మారన్జానా సంఖ్య 0.57 మాత్రమే కాబట్టి గోడ పూర్తిగా సమ ఉష్ణోగ్రతకు చేరలేదు, మీ విలువ 1.4కూ 3కూ మధ్య ఎక్కడో ఉండాలి. ఉంది కూడా.

ఇంకొక విషయం, దీన్ని గుర్తుపెట్టుకుంటే ఇతరుల వ్యాసాలు చదివేటప్పుడు కూడా పనికొస్తుంది. ఆ హద్దులో ఉష్ణ బదిలీ గుణకం సమీకరణం నుంచి పూర్తిగా మాయమవుతుంది. దృశ్య గుణకం కేవలం నీరు మోసే సామర్థ్యానికి రెట్టింపును ఉపరితలంతో భాగించినంత. అందుకే అది రేనాల్డ్స్ సంఖ్యతో పాటు సూటిగా, ఒకటో ఘాతంతో పెరుగుతుంది. లామినార్ ప్రవాహంలో నసెల్ట్ సంఖ్య రేనాల్డ్స్ సంఖ్యకు ఇంచుమించు అనులోమానుపాతంలో ఉందని ఎవరైనా గీత గీసి చూపిస్తే, వారు కొలిచింది ఉష్ణ బదిలీ కాదు, పంపు వేగం అని ముందుగా అనుమానించండి. 1991లో చోయ్, బారన్, వారింగ్టన్ సూక్ష్మ గొట్టాల్లో నైట్రోజన్ వాయువుతో చేసిన ప్రయోగాల నుంచి ఇచ్చిన లామినార్ సూత్రంలో ఆ ఘాతం 1.17. ఆ దశాబ్దంలో ఇలాంటి సూత్రాలు మరికొన్ని వచ్చాయి, ఒకదానితో ఒకటి పొసగలేదు. 2003లో గువో, లీ రాసిన సమీక్ష ఈ గందరగోళానికి గోడ వహనం, ఉపరితల గరుకుదనం, కొలతల లోపాల వంటి మామూలు కారణాలను ముందుకు తెచ్చింది. ఆ తర్వాత వాతావరణం కాస్త చల్లబడింది.

మీ గీత పై చివర గురించి ఒక్క మాట. 400 దగ్గర 4 దాటడానికి కారణం గోడ కాదు. 30 డిగ్రీల నీటికి ప్రాంట్ల్ సంఖ్య (జిగటకూ ఉష్ణ వ్యాప్తికీ నిష్పత్తి) 5.4, అప్పుడు ఉష్ణ ప్రవేశ పొడవు, అంటే నీటిలో ఉష్ణోగ్రత తీరు స్థిరపడటానికి కావలసిన దూరం, దాదాపు 32 మిల్లీమీటర్లు. మీ కాలువే 30. ప్రవాహం కాలువ చివరిదాకా స్థిరపడనే లేదు, కాబట్టి విలువ ఎక్కువ రావడం సహజం. ఒకే గీతలో రెండు చివరలకు రెండు వేర్వేరు కారణాలు ఉన్నాయన్నమాట. దాన్ని ఒకే ఘాత సూత్రంతో అతికించే ప్రయత్నం చేయకండి.

ఉష్ణ నష్టమే కారణమేమో అని మీ ప్రశ్న చివర్లో రాశారు. నష్టం ఉంటుంది, తక్కువ ప్రవాహం దగ్గర దాని వాటా పెరుగుతుంది కూడా. కానీ దిశ చూడండి. మీరు హీటరు విద్యుత్ శక్తినే వేడిగా తీసుకున్నారు. కొంత వేడి బయటికి పోతే నీటికి చేరింది తక్కువ, మీరు లవంలో వేసింది ఎక్కువ. అంటే నష్టం మీ నసెల్ట్ సంఖ్యను పెంచాలి, తగ్గించకూడదు. మరోవైపు, నీరు కాలువల్లోకి రాకముందే ప్రవేశ గదిలో రాగిని తాకుతోందా? మీరు పంపిన బొమ్మలో ఆ గది దిమ్మెలోనే చెక్కి ఉంది, థర్మోకపుల్ మాత్రం దానికి ముందున్న గొట్టంలో ఉంది. అయితే నీరు కాలువ గుమ్మం దాకా వచ్చేసరికే కొంత వేడెక్కుతోంది. ఇది గోడ వహనం వైపుకే తోడవుతుంది, సంఖ్యను ఇంకా కిందికి లాగుతుంది. ఆ గదులను ప్లాస్టిక్‌తో విడిగా చేయించి, దిమ్మెకు బిగించండి. చేయవలసిన మార్పుల్లో అన్నిటికంటే చవకైనది ఇదే.

నా మాట నమ్మనక్కరలేదు, మీ దగ్గరున్న అంకెలతోనే సరిచూసుకోవచ్చు. గోడ థర్మోకపుల్స్ పొడవునా ఎంత తేడా చూపుతున్నాయో, నీరు మొత్తం ఎంత వేడెక్కిందో పక్కపక్కన పెట్టండి. మీ ఊహ నిజమైతే, స్థిరపడిన ప్రాంతంలో రెండు గీతలూ సమాంతరంగా ఉండాలి. నష్టాలు లేవనుకుంటే రేనాల్డ్స్ సంఖ్య 10 దగ్గర నీరు 36 డిగ్రీలు వేడెక్కుతుంది. గోడ వహనాన్ని కలిపి, నీరు గోడ ఉష్ణోగ్రతను వెంటనే అందుకుంటుందని లెక్కిస్తే, దిమ్మె రెండు చివరల మధ్య తేడా దాదాపు 7 డిగ్రీలకే పరిమితమవుతుంది. 40 దగ్గర నీరు 9 డిగ్రీలు వేడెక్కుతుంది, ప్రవేశం దగ్గరి గోడ లోపలికొచ్చే నీటికంటే 4 డిగ్రీలకు పైగా వేడిగా కనిపిస్తుంది. మీ ఊహ ప్రకారం అక్కడ 2.2 డిగ్రీలు మాత్రమే ఉండాలి. ఈ రెండూ మీ పట్టికలో కనిపిస్తే ఇక వాదన అక్కర్లేదు.

ఉన్న కొలతలను కాపాడుకోవచ్చా? కొంతవరకే. గోడకు ఒక సమీకరణం, నీటికి ఒక సమీకరణం రాయండి. గోడలో పొడవునా వహనపు రెండో అవకలజం, హీటరు నుంచి వచ్చేది, నీటికి పోయేది ఉంటాయి. నీటిలో మోసుకుపోయేది, గోడ నుంచి వచ్చేది ఉంటాయి. ఉష్ణ బదిలీ గుణకాన్ని తెలియనిదిగా ఉంచి, గోడ థర్మోకపుల్స్‌కు సరిపోయేలా వెతకండి. కంప్యూటర్‌లో ఒక పూట పని. 100 పైనున్న బిందువులకు ఇది బాగానే వస్తుంది. 40 దగ్గర అనిశ్చితి పెద్దది. 10 దగ్గరివి పారేయండి. గణితం ఎంత చేసినా అక్కడి నుంచి గుణకం బయటికి రాదు. బదిలీ యూనిట్లు 16 దాటాక నిష్క్రమణ ఉష్ణోగ్రతకు నసెల్ట్ సంఖ్య 3 అయినా 6 అయినా ఒకటే, మామూలు టి రకం థర్మోకపుల్‌కు అనుమతించిన తేడాయే ఒక డిగ్రీ. సమాచారం అసలు లేనిచోట దాన్ని పిండి తీయలేం.

కొత్త దిమ్మె చేయించే వీలుంటే పదార్థం మార్చండి. ఇదే జ్యామితికి, రేనాల్డ్స్ సంఖ్య 40 దగ్గర, స్టెయిన్‌లెస్ స్టీలైతే మారన్జానా సంఖ్య 0.02కు దిగుతుంది, గాజైతే 0.002 కంటే తక్కువకు. సిలికాన్‌లో ఇదే మందానికి 0.21 వస్తుంది, అర మిల్లీమీటరు మందపు పొర అయితే 0.026. సంఖ్య ఒక్కటే చూసి గాజుకు పరుగెత్తకండి. కాలువల మధ్య గోడలు రెక్కల్లా పనిచేస్తున్నాయి, అడుగు నుంచి వేడి వాటిలోకి ఎక్కాలి. రాగిలో ఆ రెక్క సామర్థ్యం దాదాపు 100 శాతం, స్టీలులో 92, గాజులో 52. గాజు దిమ్మెలో పొడవునా సమస్య పోయి, చుట్టుకొలత పొడవునా కొత్త సమస్య వస్తుంది. అడుగు వేడిగా, పక్కలు చల్లగా ఉంటాయి, అప్పుడు పోల్చవలసిన పుస్తకపు విలువే వేరు. మీ పనికి స్టీలు మధ్యస్థం. దానితో వచ్చే చిక్కు కూడా చెబుతాను. థర్మోకపుల్‌కూ కాలువ అడుగుకూ మధ్య ఉన్న 1 మిల్లీమీటరు, చదరపు సెంటీమీటరుకు 2 వాట్ల దగ్గర, రాగిలో 0.05 డిగ్రీలు తింటుంది, స్టీలులో 1.3 డిగ్రీలు. మీరు కొలవాలనుకుంటున్న గోడ, నీటి తేడాయే 2.2. కాబట్టి ఆ రంధ్రాల లోతు గీసిన బొమ్మను నమ్మకుండా, చేసిన ముక్కను కొలిచి తెలుసుకోండి. ఇవన్నీ వద్దనుకుంటే, అన్నిటికంటే శుభ్రమైన ప్రయోగం సన్నని ఒంటరి స్టీలు గొట్టం. లోపల 0.2, బయట 0.6 మిల్లీమీటర్లు, పొడవు 50 మిల్లీమీటర్లు ఉంటే రేనాల్డ్స్ సంఖ్య 50 దగ్గర మారన్జానా సంఖ్య 0.0029. అదే గొట్టం రాగిదైతే 0.08.

సిమ్యులేషన్ కూడా చేస్తున్నానన్నారు. నీటి భాగాన్ని మాత్రమే గీసి, దాని గోడ మీద ఏకరీతి ఉష్ణ ప్రవాహం పెట్టినందువల్లే అందులో 3.6 వచ్చింది. అది ప్రయోగం తప్పని నిరూపించలేదు, మీరు గోడను తీసేశారని మాత్రమే చెప్పింది. రాగిని కూడా లెక్కకు వాడే మెష్‌లో చేర్చండి, హీటరును అడుగున పెట్టండి, ప్రవేశ గదిని వదిలేయకండి. స్థానిక నసెల్ట్ సంఖ్య తీసేటప్పుడు ఆ అడ్డుకోతలో ప్రవాహ భారంతో సగటు కట్టిన నీటి ఉష్ణోగ్రతను, ఆ చోట నిజంగా నీటిలోకి వెళ్తున్న ఉష్ణ ప్రవాహాన్ని వాడండి. హీటరు శక్తిని వైశాల్యంతో భాగించినది వాడకూడదు. అలా చేస్తే స్థిరపడిన ప్రాంతంలో 3 దరిదాపుల్లో నిలబడిన గీత కనిపిస్తుంది. తర్వాత అదే ఫలితం నుంచి, మీ ప్రయోగంలో కొలిచే బిందువులను మాత్రమే తీసుకుని, మీ పాత సరళరేఖ పద్ధతిలో లెక్క కట్టండి. పడిపోతున్న గీత మళ్లీ వస్తుంది. మీ థీసిస్‌లో ఆ రెండు గీతలూ ఒకే బొమ్మలో ఉండాలి.

గోడ వహనం మీ ప్రయోగానికి చెడుపు చేసినంత మాత్రాన ప్రతిచోటా చెడ్డది కాదు. 1981లో టకర్‌మన్, పీజ్ సిలికాన్‌లో సుమారు 50 మైక్రోమీటర్ల వెడల్పు గల కాలువలతో చదరపు సెంటీమీటరుకు 790 వాట్లు తీసినప్పుడు, సిలికాన్ మంచి వాహకం కావడం వారికి లాభమే. చిప్‌ను చల్లబరిచేవారికి కావలసింది వేడి మచ్చలు సర్దుకోవడం. ఎదురెదురు ప్రవాహాల ఉష్ణ వినిమాయకంలో మాత్రం కథ తిరగబడుతుంది. రెండు వైపులా ప్రవాహ సామర్థ్యాలు సమానంగా ఉండి గోడ పూర్తిగా సమ ఉష్ణోగ్రతకు చేరితే, ఉపరితలం ఎంత పెంచినా దాని ప్రభావశీలత (సాధ్యమైన గరిష్ఠ ఉష్ణ బదిలీలో నిజంగా జరిగే వంతు) 50 శాతం దాటదు. స్టాన్‌ఫోర్డ్‌లో విలియం లిటిల్ 1980ల్లో గాజు పలకల మీద సూక్ష్మ జూల్-థామ్సన్ శీతలీకరణులు (వాయువును సన్నని దారిలోంచి వ్యాకోచింపజేసి చల్లబరిచే పరికరాలు) చేశారు. అలాంటి పరికరంలో ఒక చివర గది ఉష్ణోగ్రత, కొన్ని సెంటీమీటర్ల దూరంలో రెండో చివర ద్రవ నైట్రోజన్ చలి. అక్కడ రాగి పెడితే ఆ తేడా నిలవదు. మీరు రెండో దశలో వినిమాయకం చేస్తామని రాశారు కాబట్టి, పదార్థం ఎంచుకునే ముందు ఈ నిష్పత్తిని రెండు ప్రవాహాల్లో చిన్నదానితో లెక్కగట్టి చూడండి. బదిలీ యూనిట్లు చాలా ఎక్కువగా ఉన్నప్పుడు అది 0.05 వస్తే ప్రభావశీలతలో సుమారు నాలుగున్నర శాతం అక్కడే పోయినట్టు.